నాకు వ్రాయరాదు – నేను వ్రాయరాదు
(పాఠశాలా వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)

 

వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు సంవత్సరపు నివేదిక చదువుట ఆచారము. ఆ నివేదిక అచ్చుపడి మీ చేతులలోనే యున్నది. దానిని మరల చదివి మీ కాలమును హరింపక, వ్యాకరణములోని ఒక చిన్న విషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. వ్యాకరణమనగానే వెనుక వరుసలలోని వారు లేవనక్కరలేదు. ఇది పండితుల వాదము గాదు. మన పిల్లలు ఇంటిలోను, సంతలోను, బడిలోను దినమునకు నూరుమారులు పలుకు మాటలను గూర్చినదే.

ఆ మాటలివి: వ్రాయగలను, వ్రాయవలెను, వ్రాయవచ్చును, వ్రాయరాదు, వ్రాయనక్కరలేదు. అన్నిటికిని మొదట నున్నది ఒక్కటే మాట, 'వ్రాయ'. వెనుక చేరిన చిన్న మాట మారుటచే అర్థము పూర్తిగ మారుచున్నది. మొదటిది శక్తిని, రెండవది విధిని, మూడవది అనుజ్ఞను, నాలుగవది నిషేధమును, ఐదవది అవసరము లేమిని చెప్పుచున్నవి. ఈ అయిదింటి భేదమును ఎరిగిన బాలుడు తనకు ఏది సాధ్యమో, ఏది ధర్మమో, ఏది తన స్వేచ్ఛయో ఎరిగినవాడగును. ఎరుగనివాడు చెప్పిన పని చేయుటయే గాని, తన స్థితిని తాను చెప్పుకొనజాలడు.

మొదట ఆ 'వ్రాయ' అను రూపమును చూతము. వ్రాయు అను ధాతువునకు 'అన్' చేరి 'వ్రాయన్' అగును. ఎవరు వ్రాయుదురో, ఎప్పుడు వ్రాయుదురో, ఒక్కరో పలువురో ఈ రూపము చెప్పదు. క్రియయొక్క పేరును మాత్రము చెప్పి, తక్కిన భారమును తన వెనుక వచ్చు మాటకు అప్పగించును. సంస్కృతమున 'కర్తుం శక్నోమి' అనునప్పుడు 'కర్తుమ్' చేయు పనియు ఇదియే. ఆ 'తుమున్' ప్రత్యయమును బట్టి మనవారు దీనిని తుమర్థకమనియు, తుమున్నర్థకమనియు పిలిచిరి.

'మేము వ్రాయ అనియే అనుచున్నాము గదా, వ్రాయన్ అని ఎవ్వరందురు?' అని పిల్లలు అడుగుదురు. మంచి ప్రశ్న. 'వ్రాయనక్కరలేదు' అనునప్పుడు ఆ నకారము మన చెవికి వినబడుచునే యున్నది. వెనుక అచ్చు వచ్చినప్పుడు అది నిలిచినది. 'కలను' అనునది చేరినప్పుడు 'వ్రాయకలను' అనము, 'వ్రాయగలను' అందుము. కకారము గకారమైనది ఏల? ముందున్న నకారము చేసిన పని అది. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమునందు సరళాదేశ సంధి యని పై తరగతుల పిల్లలు చదువునది ఇదియే. వ్రాయన్ + చాలను అన్నప్పుడు 'వ్రాయజాలను' అగుటయు, వ్రాయన్ + తగును అన్నప్పుడు 'వ్రాయదగును' అగుటయు ఇట్లే. కనబడకపోయినను నకారము తన గుర్తును విడిచి పోయినది. సూత్రమును వల్లెవేయించుటకు ముందు ఈ గుర్తును చూపినచో, పిల్లవాడు సంధిని భయపడక నేర్చును.

ఇక నేర్పు విధమును గూర్చి. మూడవ తరగతి పిల్లలకు పది ధాతువుల తుమర్థక రూపములు చాలును. చేయు – చేయ, చదువు – చదువ, ఆడు – ఆడ, పాడు – పాడ, కొను – కొన, ఈ అయిదును తిన్నని బాటలో పోవును. చూచు – చూడ, నడచు – నడువ, వచ్చు – రా, తెచ్చు – తే, ఇచ్చు – ఇయ్య, ఈ అయిదును బాట తప్పును. కావున వీనిని నోటికి రప్పింపవలెను. వీనితో కూర్చుటకు ఎనిమిది తోడి మాటలు: కలను, లేను, వలెను, వద్దు, వచ్చును, రాదు, కూడదు, అక్కరలేదు. పదిని ఎనిమిదిచే గుణింపుడు. పదునెనిమిది మాటలు నేర్చిన బిడ్డ ఎనుబది వాక్యములకు యజమాని యగుచున్నాడు. భాష నేర్చుటలో ఇంత తక్కువ పెట్టుబడికి ఇంత ఎక్కువ ఫలమునిచ్చు పాఠము మరియొకటి నా ఎరుకలో లేదు.

ఈ మర్మమును ఇతర దేశములవారును ఎరుగుదురు. స్పానిషు భాష ఇరువది దేశములలో అధికార భాష. ఐక్యరాజ్యసమితి యొక్క ఆరు అధికార భాషలలో నొకటి. దానిని క్రొత్తగా నేర్చువారికి తొలి పాఠములలోనే ఇట్టి కూర్పును నేర్పుదురు. 'ఈర్' అనగా పోవుట. 'ప్వేదో ఈర్' అనిన పోగలను. 'ప్వేదెస్ ఈర్' అనిన పోగలవు. 'ప్వేదె ఈర్' అనిన పోగలడు. 'దేబో ఈర్' అనిన పోవలెను. 'కియేరో ఈర్' అనిన పోగోరుదును. చూచితిరా? మొదటి మాట పురుషను బట్టి మారుచున్నది, 'ఈర్' మాత్రము కదలక నిలిచినది. క్రియలన్నిటి రూపములను కంఠస్థము చేయకముందే, విద్యార్థి నాలుగు తోడి క్రియలను నేర్చి తన మనసులోని మాటను చెప్పుకొనగలుగును. మనకును వారికిని భేదమొక్కటి: వారు తోడి క్రియను ముందుంచుదురు, మనము వెనుక నుంచుదుము.

ఇంగ్లీషునందును 'ఐ కెన్ గో' అని తోడి క్రియ ముందే వచ్చును. అచట మన పిల్లలు 'ఐ కెన్ టు గో' అని వ్రాయుట కద్దు. 'టు గో' అనునదే తుమర్థకమని ముందు నేర్చిరి గనుక దానిని అట్లే తెచ్చి అతికింతురు. 'కెన్, మే, మస్ట్' అను మాటల వెనుక 'టు' ఉండదని చెప్పిన చాలదు. మన 'పోగలను'లో 'పోవుటకు' అను రూపము రానట్లే, అచట 'టు' రాదని తెలుగుతో పోల్చి చెప్పినచో పిల్లవాడు మరువడు. మాతృభాషా వ్యాకరణము పరభాషకు అడ్డుగోడ గాదు, నిచ్చెన.

మన హోసూరు, కృష్ణగిరి పిల్లలకు మరియొక భాగ్యము కలదు. అత్తిబెలె దాటిన కన్నడము, కుప్పము వైపు పోయిన తెలుగు, చుట్టును తమిళము. మన బిడ్డ కూరగాయల సంతలో ఒక గడియలో మూడు భాషలు వినును. 2006వ సంవత్సరపు చట్టము ననుసరించి 2006-07 నుండి ఒకటవ తరగతితో ఆరంభించి తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. దానిని భారమని తలంపక, మూడు భాషలను ఒకచో నిలిపి చూపుడు. పోవు, పోగు, హోగు, మూడును ఒక్క ఇంటి మాటలే. మనకు పోవలెను, పోవద్దు. తమిళమున పోగ వేండుం, పోగ వేండాం. కన్నడమున హోగబేకు, హోగబేడ. మనము పోవచ్చును, పోరాదు అందుము. కన్నడిగులు హోగబహుదు, హోగబారదు అందురు. మన 'వచ్చు, రాదు' అనునవి వచ్చుట అను ధాతువునుండి పుట్టినట్లే, వారి 'బహుదు, బారదు' అనునవియు 'బరు' అను ధాతువునుండియే పుట్టినవి. 1856లో కాల్డ్వెల్ దొర ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును వెలువరించి ఈ భాషల చుట్టరికమును లోకమునకు చాటెను. ఆ గ్రంథమును చదువకయే మన సంతలోని గంపలయొద్ద మన బిడ్డలు ఆ పాఠమును వినుచున్నారు. వినుచున్నదానిని చూపించువారు కావలెను. ఆ పని ఉపాధ్యాయునిది.

చుట్టరికము కలచోటనే పొరపాటును కలదు. రెండు చోట్ల జాగ్రత్త వహింపవలెను.

మొదటిది శక్తిని చెప్పుట. తమిళమున 'ఎన్నాల్ పోగ ముడియుం' అందురు. నా వలన పోవుట సాధ్యమగునని దాని భావము. నేనైనను, నీవైనను, వారైనను 'ముడియుం' మారదు. తెలుగున నేను పోగలను, నీవు పోగలవు, ఆమె పోగలదు, వారు పోగలరు అని పురుషను బట్టి మారవలెను. పోలేను, పోలేవు, పోలేడు అనునవియు అట్లే. వలెను, వచ్చును, రాదు, కూడదు, వద్దు అనునవి మాత్రము ఎవరికైనను ఒక్కటే. విధియు నిషేధమును అందరికి సమానముగ నిలిచినవి, శక్తి మాత్రము ఎవరిది వారిదిగ నున్నది. ఈ ఒక్క మాటను జ్ఞాపకముంచుకొన్నచో రూపములు తప్పవు.

రెండవది 'వేండాం' అను మాట. తమిళమున 'పోగ వేండాం' అనునది పోవలదు అను నిషేధమునకును, పోనక్కరలేదు అను అవసరము లేమికిని రెంటికిని చెల్లును. సందర్భమును బట్టి గ్రహింతురు. తెలుగున ఆ రెండును వేరు మాటలు. స్పానిషునందును వేరే: 'నో దేబెస్ ఈర్' అనిన నీవు పోరాదు, 'నో తియేనెస్ కె ఈర్' అనిన నీవు పోనక్కరలేదు. ఇంగ్లీషున 'మస్ట్ నాట్, నీడ్ నాట్' అని వేరుచేయుదురు.

ఇంత సూక్ష్మమేల యందురా? మన ఇండ్లలో తమిళము రాని అవ్వలును తాతలును ఉన్నారు. వైద్యశాలలో వారికి దుబాసీలు మన ఐదవ తరగతి పిల్లలే. వైద్యుడు ఒక మందును చూపి 'ఇనిమేల్ సాప్పిడ వేండాం' అనెననుకొనుడు. ఇక మ్రింగనక్కరలేదనియా, ఇక మ్రింగరాదనియా? మొదటిదైనచో మిగిలిన రెండు మాత్రలు అవ్వ మ్రింగినను హాని లేదు. రెండవదైనచో హాని కలదు. బిడ్డ 'వద్దట' అని ఒక్కమాటతో సరిపుచ్చరాదు. 'అయ్యా, మ్రింగకూడదా, లేక మ్రింగనక్కరలేదా?' అని మరల అడిగి తెలిసికొని అవ్వకు చెప్పవలెను. ఆ ప్రశ్న అడుగుటకు, రెండును వేరని వానికి ముందు తెలిసియుండవలెను. అది తెలియజేసినది వాని మాతృభాషయే.

వ్యవహారమునందలి రూపములను గూర్చియు ఒక మాట. వ్రాయవలెను అనుదానిని కోస్తాలో రాయాలి అందురు, తెలంగాణమున రాయాలె అందురు, రాయలసీమలో రాయాల అందురు. మన పల్లెలలో మన పద్ధతి మనది. ఇవన్నియు 'వలె' అను మాట అరిగి నిలిచిన రూపములే. ఇంటి పలుకును బడిలో ఎగతాళి చేయరాదని మా ఉపాధ్యాయులకు నేను చెప్పుచుందును. ఇంటి పలుకునుండి గ్రంథపు పలుకునకు బాట చూపుటయే బోధన. అయితే వేగముగ పలుకునప్పుడు 'రాయొచ్చు' అనునదియు, 'రాయొద్దు' అనునదియు ఒక్క అక్షరపు భేదముతో నిలుచును. ఒకటి అనుజ్ఞ, రెండవది నిషేధము. చిన్నపిల్లల చెవి ఆ 'చ్చు'ను 'ద్దు'ను వేరుచేయుటకు అభ్యాసము కావలెను. ఉక్తలేఖనమున ఈ జంటలను తరచుగ ఇయ్యవలెను.

ఇంతవరకు చెప్పినది పిల్లల పాఠము. ఇక పెద్దల పాఠము. ఈ చిన్న మాటలమీదనే మన పాఠశాలల జీవము ఆధారపడియున్నది. రాజ్యాంగమునందలి 29వ అధికరణము తమకు ప్రత్యేకమైన భాష గల పౌరులకు దానిని కాపాడుకొను హక్కు కలదని చెప్పుచున్నది. 30వ అధికరణము భాషాల్ప సంఖ్యాకులకు విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కు నిచ్చినది. 350వ అధికరణముచే ఎవరైనను తమ కష్టమును గూర్చి, కేంద్రమునందు గాని ఆ రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును. 1956లో ఏడవ సవరణచే చేర్చబడిన 350-ఏ అధికరణములో రెండు తోడి మాటలును ఒకచోటనే యున్నవి. భాషాల్ప సంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కలిగించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు యత్నింపవలెను. అందుకై రాష్ట్రపతి ఆదేశములు ఇయ్యవచ్చును. యత్నింపవలెను అనునది విధి, ఇయ్యవచ్చును అనునది వారి యిచ్ఛ.

తల్లిదండ్రులారా, మీరు పాఠ్యపుస్తకముల కొరకో, తెలుగు ఉపాధ్యాయుని కొరకో అర్జీ వ్రాయునప్పుడు ఈ భేదమును మరువవద్దు. 'వచ్చును' అని యున్నచోట 'వలెను' అని వాదించినచో మన మాట నిలువదు. 'వలెను' అని యున్నచోట 'వచ్చును' అని సరిపెట్టుకొని ఊరకుండినచో మన బిడ్డల సొత్తును మనమే జారవిడిచినవారమగుదుము. హక్కుల భాష అంతయు తుమర్థకమును, దాని వెనుకనున్న చిన్న మాటయును. మూడవ తరగతిలో ఆ పాఠమును సరిగ నేర్చినవాడు పెద్దవాడై దాని ఫలమును అనుభవించును.

చివరకు, నా ప్రసంగమునకు పేరుగ పెట్టిన రెండు వాక్యములను చూడుడు. 'నాకు వ్రాయరాదు.' 'నేను వ్రాయరాదు.' రెంటను క్రియ ఒక్కటే. మొదటి దానిలో 'కు' అను విభక్తి యున్నది. రెండవ దానిలో లేదు. నాకు వ్రాయరాదు అనిన, ఆ విద్య నా యొద్దకు ఇంకను రాలేదని అర్థము. నేను వ్రాయరాదు అనిన, వ్రాయుట నాకు నిషేధమని అర్థము. నాకు ఈత వచ్చును అనుటకును, నేను ఈదవచ్చును అనుటకును గల భేదమే ఇది. స్పానిషువారు మొదటి దానికి 'సే నదార్' అని, ఎరుక యను అర్థముగల వేరొక క్రియనే వాడుదురు. మనకు ఒక్క 'కు' చాలినది.

ఈ 'కు'లో ఎంత ఉన్నదో ఆలోచింపుడు. మన గ్రామములలో తెలుగు మాట్లాడి తెలుగు చదువలేని యువకులు ఎందరో కలరు. వారి నడిగినచో 'నాకు తెలుగు వ్రాయరాదు' అందురు. అందులో సిగ్గుపడవలసినది లేదు. రానిది రప్పించుకొనవచ్చును. ఏబదియారు అక్షరములు, వాని గుణింతములు, ఒత్తులు. సాయంకాలములందు ఒక గంట చొప్పున కూర్చున్నచో కొలది నెలలలో చేతికి వచ్చును. తమిళ లిపిని ఎరిగినవారికి మరింత సులభము. కాని ఏండ్లు గడచినకొలది ఆ 'కు' మెల్లగ జారిపోవు భయము కలదు. 'నాకు రాదు' అనుటతో మొదలై, 'నేను వ్రాయకూడదు కాబోలు, ఇది నా ఊరి భాష కాదు కాబోలు' అను తలంపు మనసున చోటు చేసికొనును. ఎవ్వరును నిషేధింపకయే మనము నిషేధమును తలకెత్తుకొందుము. తోరపల్లిలో పుట్టి హోసూరులో చదివిన రాజాజీ తమిళమునందును ఇంగ్లీషునందును గ్రంథకర్తయై ప్రసిద్ధి కెక్కెను. ఒక భాషను బాగుగ నేర్చుట మరియొక భాషకు ద్రోహమని ఈ నేల ఎన్నడును చెప్పలేదు. మన బిడ్డ తమిళము బాగుగ నేర్వవలెను. ఇంగ్లీషు నేర్వవలెను. కన్నడము నేర్వవచ్చును. తెలుగును విడువనక్కరలేదు.

కావున ఈ సభలో ఒక్క కోరిక మనవి చేసికొనుచున్నాను. మీ ఇంట తెలుగు లిపి రానివారున్నచో, పాఠశాల విడిచిన పిమ్మట పిల్లలతోగూడ వచ్చి బల్లలమీద కూర్చుండవచ్చును. రుసుము చెల్లింపనక్కరలేదు. పలక తెచ్చుకొనవలెను. సిగ్గుపడరాదు. నేర్పుటకు మా ఉపాధ్యాయులున్నారు. నేర్చుకొనగలరని నాకు నమ్మకము కలదు.

బాలబాలికలారా, రేపు ఉదయము మొదటి గంటలో 'పాడు' అను ధాతువుతో ఎనిమిది వాక్యములు వ్రాసి తెండు. తప్పులు వచ్చినను తేవచ్చును. వ్రాయకుండ మాత్రము రాకూడదు.